సముద్రపు నీటి ఆమ్లత్వానికి మన సున్నపురాయి, మన బొగ్గు కూడా కారణాలే: రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి అధ్యక్షులకు, సభ్య కార్యదర్శి గారికి, మండలి సభ్యులందరికీ నమస్కారాలు.

నేను కడప జిల్లా జమ్మలమడుగు ప్రాంతంలో ఉన్నత పాఠశాల విద్యార్థులకు చాలాకాలం భౌతిక, రసాయన శాస్త్రాలు బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఎర్రగుంట్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల ప్రాంతాల సిమెంటు కర్మాగారాలు, ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఏటా గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్ ఎంతో లెక్కగట్టించి, దుమ్ము లెక్కలతో పాటు దాన్ని కూడా ప్రజలకు తెలిసేలా ప్రకటింపజేయాలని మిమ్మల్ని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. కరువు గురించి, తాగునీటి గురించి, గనుల పేలుళ్ల గురించి మా సీమ నుంచి అర్జీలు రావడం మామూలే. నేను మాత్రం సముద్రం గురించి రాస్తున్నాను. సముద్రం మాకు కొండల అవతల, చాలా దూరంలో ఉంది. అయినా అందులో జరుగుతున్న ఒక పెద్ద మార్పుకు మూలకారణాల్లో కొన్ని మా ఊళ్ల పొలిమేరల్లోనే ఉన్నాయి.

నీటి ఆమ్ల, క్షార గుణాలను కొలిచే అంకెను పీహెచ్ అంటారు; అది 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. పారిశ్రామిక యుగానికి ముందు సముద్రపు పైపొర నీటి పీహెచ్ సగటున 8.2 దగ్గర ఉండేది. ఇప్పుడది 8.1కి దిగివచ్చింది. తేడా ఒక్క దశాంశమే కదా అని తీసిపారేయడానికి వీల్లేదు. పీహెచ్ కొలమానంలో ఒక్కో అంకె పదిరెట్ల తేడాకు గుర్తు కాబట్టి, ఈ కాస్త తగ్గుదలకే నీటికి ఆమ్లగుణాన్నిచ్చే హైడ్రోజన్ అయాన్లు పావు వంతుకు పైగా పెరిగాయి. నీరు ఇప్పటికీ క్షారగుణంతోనే ఉంది, 7 కంటే కిందికి దిగలేదు. కానీ గవ్వ కట్టుకునే జీవులకు, పగడాలకు కష్టం మొదలవడానికి అంతదాకా పోనక్కర్లేదు. అవి తమ గుల్లలకు వాడుకునే కార్బోనేట్ అయాన్లు నీటిలో తగ్గితే చాలు. ఈ తీరునే ఉద్గారాలు సాగితే రాబోయే కొన్ని శతాబ్దాల్లో సముద్రపు పీహెచ్‌లో వచ్చే మార్పు, అరుదైన కొన్ని విపత్కాలాలను మినహాయిస్తే, గత 30 కోట్ల సంవత్సరాల్లో ఎన్నడూ రానంతటిది కావచ్చునని కెన్ కాల్డీరా, మైకేల్ వికెట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 2003లోనే హెచ్చరించారు.

కార్బోనేట్ ఎందుకు తగ్గుతుందో తెలుసుకోవడానికి ప్రయోగశాలలో గాజు సామాను నాలుగు ముక్కలుంటే సరిపోతుంది. గనిలో రాలిన సున్నపురాయి ముక్కను నలిపి శంకు కుప్పెలో వేసి, దానిమీద నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే బుడగలు లేస్తాయి. ఆ వాయువును గొట్టం ద్వారా సున్నపు తేటలోకి పంపితే తేట తెల్లగా మసకబారుతుంది. పిల్లలు సాధారణంగా అక్కడితో ఆగి, వచ్చింది కార్బన్ డయాక్సైడ్ అని పుస్తకంలో రాసుకుంటారు. అసలు పాఠం ఆ తర్వాతే ఉందని నా అభిప్రాయం. గొట్టం తీయకుండా వాయువును ఇంకా పంపుతూ పోతే ఆ తెల్లదనం కొంచెం కొంచెంగా విరిగి, చివరికి నీళ్లు మళ్లీ స్వచ్ఛంగా కనబడతాయి. మొదట ఏర్పడిన కాల్షియం కార్బోనేట్, వాయువు ఎక్కువయ్యేకొద్దీ బైకార్బనేట్‌గా మారి కరిగిపోతుంది. సముద్రంలో జరిగేదీ ఈ చర్యే, కాకపోతే అక్కడ చాలా నెమ్మదిగా, చాలా విశాలంగా జరుగుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి కార్బోనిక్ ఆమ్లమవుతుంది. ఆ ఆమ్లం విడిపోయి హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది. అవి నీటిలో ఉన్న కార్బోనేట్ అయాన్లతో కలిసి వాటిని బైకార్బనేట్‌గా మార్చేస్తాయి. ఆల్చిప్పలకు, పగడాలకు, సముద్రపు నత్తలకు అందవలసిన ముడిసరుకు ఈ విధంగా తరిగిపోతుంది.

ఇదే ఆమ్లం రాయిని ఏం చేయగలదో చూడాలంటే కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహల్లోకి దిగితే తెలుస్తుంది. వాన నీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని, బలహీనమైన కార్బోనిక్ ఆమ్లంగా మారి, సున్నపురాతి పగుళ్లలోకి ఇంకి, మూడు కిలోమీటర్లకు పైబడిన సొరంగాలను తొలిచింది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఈ గుహలను నమోదు చేసిన నాటికి ఆ పని ముగిసి ఎంతో కాలమైంది. గుహలో ఒకచోట గోడమీద చెయ్యి పెట్టి తడిమితే నీళ్లు నాకినట్టు నున్నగా ఉన్న రాయి తగులుతుంది. మరోచోట కప్పు నుంచి ఊడలు దిగి ఉంటాయి. నీటిలోని వాయువు తప్పించుకున్నచోట కరిగిన సున్నం మళ్లీ గట్టిపడి ఊడలుగా దిగింది. వాయువు నీటిలో ఎక్కువైతే సున్నం కరుగుతుంది, తగ్గితే పేరుకుంటుంది. ఈ గుహలున్న మండలంలోనే సిమెంటు బట్టీలు కూడా ఉన్నాయి కనుక, నేను పిల్లలకు చెప్పిన పాఠంలో ఈ రెండింటినీ ఎప్పుడూ విడదీసి చూపలేదు.

సముద్రంలోకి చేరుతున్న ఈ అదనపు వాయువు ఎక్కడినుంచి వస్తోంది? అగ్నిపర్వతాల నుంచేమోనని అడిగేవారు ఉన్నారు. అగ్నిపర్వతాలన్నీ కలిసి ఏటా వదిలేది మనుషులు వదిలేదానిలో వందో వంతుకు మించదు. పైగా కోట్ల ఏళ్లు భూమిలో పడి ఉన్న బొగ్గులో, చమురులో కార్బన్-14 (కాలం గడిచేకొద్దీ తనంతట తాను క్షీణించిపోయే ఒక రకం కార్బన్) మిగిలి ఉండదు; ఆ జాడలేని కార్బన్ గాలిలో కలుస్తున్నట్టు 1950ల్లోనే హాన్స్ సూస్ చెట్ల కలపను పరీక్షించి చూపించారు. 1958లో చార్లెస్ డేవిడ్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద కొలతలు మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల భాగాలకు 315 భాగాలు కార్బన్ డయాక్సైడ్ ఉంటే, ఇప్పుడది 420 దాటింది. పారిశ్రామిక యుగానికి ముందు అది 280 మాత్రమే. బొగ్గు, చమురు, సహజవాయువుల నుంచి ఏటా దాదాపు 3,700 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తోంది, అడవుల నరికివేత నుంచి మరికొంత. మనుషులు వదిలే మొత్తంలో సుమారు నాలుగో వంతును సముద్రం తీసుకుంటోంది. తీసుకోకపోతే భూమి ఇంకా వేడెక్కేది. కానీ ఈ ఉపకారానికి హద్దుంది. నీటిలో కార్బోనేట్ తగ్గేకొద్దీ కొత్త వాయువును ఇముడ్చుకునే శక్తి కూడా తగ్గుతుంది. సముద్రపు నీటి రసాయన గుణం వల్ల ఆ శక్తికి పరిమితి ఉందని రోజర్ రెవెల్, హాన్స్ సూస్ 1957లో రాసిన పత్రంలోనే వివరించారు.

ఇక మా ప్రాంతపు వాటా. ఇందులో సిమెంటు సంగతి బొగ్గు కంటే భిన్నమైనది. దీని గురించి కాస్త వివరంగా రాయవలసి ఉంది. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు బట్టీలో కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ పొగగొట్టం గుండా పోతుంది. బట్టీని ఏ ఇంధనంతో వేడి చేసినా, ఆఖరికి ఎండతో వేడి చేసినా ఆ 44 కిలోలు రాయిలోంచి బయటికి రావలసిందే. ఒక టన్ను క్లింకర్ (బట్టీలోంచి వచ్చే గట్టి ఉండలు, వీటిని పొడి చేసే సిమెంటు చేస్తారు) తయారీలో రాయి నుంచి మాత్రమే అర టన్నుకు పైగా వాయువు వెలువడుతుంది. దానికి బట్టీలో కాల్చిన బొగ్గు పొగ అదనం. అంటే ఏడాదికి 10 లక్షల టన్నుల క్లింకర్ తీసే ఒక్క బట్టీ, రాయి ఖాతాలోనే 5 లక్షల టన్నులకు మించి వదులుతుంది. ప్రపంచం మొత్తం మీద మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7 నుంచి 8 శాతం సిమెంటుదే. సిమెంటు తయారీలో చైనా తర్వాత మన దేశమే పెద్దది. ఆ తయారీకి మన రాష్ట్రంలో రాయినిచ్చే ముఖ్యమైన ప్రాంతాల్లో కడప, నంద్యాల, అనంతపురం జిల్లాలు ఉన్నాయి.

ఈ రాయి మొదట ఎక్కడిదో కూడా మనం గుర్తుంచుకోవాలి. భూగర్భ శాస్త్రజ్ఞులు కడప బేసిన్ అని పిలిచే ఈ నేలంతా ఒకప్పుడు లోతు తక్కువ సముద్రం. వేంపల్లె చుట్టుపక్కల డోలమైటు రాళ్లలో పొరలు పొరలుగా, బోర్లించిన చట్టిని నిలువుగా కోసినట్టు కనిపించే స్ట్రోమటోలైట్లు, నూటయాభై కోట్ల సంవత్సరాలకు ముందు ఆ నీళ్లలో బతికిన సూక్ష్మజీవులు కట్టినవి. మన ఇళ్లలో పరుచుకునే నాపబండలు, ఫ్యాక్టరీకి పోయే సున్నపురాయి కూడా అటువంటి సముద్రాల అడుగునే పేరుకున్నాయి. ప్రకృతి లెక్కలేనంత కాలం పట్టి రాతిలో బంధించిన వాయువును మనం బట్టీలో కొద్దిసేపట్లో విడిపిస్తున్నాం. అందులో ఒక భాగం ఇప్పటి సముద్రంలోకి చేరి, ఇప్పటి గవ్వలకు, పగడాలకు అవసరమైన కార్బోనేట్‌ను తగ్గిస్తోంది. ఎర్రగుంట్లలో పుట్టి పెరిగిన పిల్లలకైనా ఈ సంగతి తెలియకుండా పోవడం నాకు మాత్రం చాలా బాధ కలిగిస్తుంది.

థర్మల్ కేంద్రం లెక్క సులభం. బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీయడానికి దాదాపు ఒక కిలో కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. 210 మెగావాట్ల యూనిట్ ఒకటి రోజంతా పూర్తి సామర్థ్యంతో నడిస్తే 50 లక్షల యూనిట్లకు కొంచెం పైన కరెంటు, దానితో పాటు 5,000 టన్నులకు దగ్గరగా వాయువు వస్తాయి. రాయలసీమ కేంద్రం మొత్తం స్థాపిత సామర్థ్యం 1,650 మెగావాట్లు. ఈ వాయువు మీద ఏ పరిమితీ లేదు, దాన్ని ప్రజలకు చెప్పే ఆనవాయితీ కూడా లేదు.

బొగ్గు పొగలో గంధకం, నత్రజని ఆక్సైడ్లు కూడా ఉంటాయి. అవి గాలిలో తేమతో కలిసి గంధకామ్లం, నత్రికామ్లంగా మారి నేలమీద, నీటిమీద పడతాయి. ప్రపంచ సముద్రాలన్నింటినీ కలిపి చూస్తే ఆమ్లత్వంలో వీటి వాటా కార్బన్ డయాక్సైడ్ ముందు చాలా చిన్నది. కానీ తీరానికి దగ్గరి నీళ్లలో సంగతి వేరు. విశాఖపట్నంలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం శాస్త్రజ్ఞులు బంగాళాఖాతపు తీరజలాల్లో ఆమ్లత్వం పెరగడానికి, భూమి మీది నుంచి వచ్చే వాయు కాలుష్యానికి సంబంధం ఉన్నట్టు 2015లో వెలువరించిన పరిశోధనలో చూపారు. అదే ఏడాది డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం థర్మల్ కేంద్రాల సల్ఫర్ డయాక్సైడ్ మీద ప్రమాణాలు విధించింది, ఆపై గడువులు పొడిగిస్తూ పోయింది, 2025 జూలైలో చాలా కేంద్రాలకు ఆ వాయువును తొలగించే యంత్రాల నుంచి మినహాయింపు ఇచ్చింది. ఆ నిర్ణయం మీది కాదని నాకు తెలుసు. అయినా ఆ వాయువు ఎంత వెలువడుతోందో ప్రజలకు చెప్పడానికి మీకు ఏ మినహాయింపూ అడ్డురాదు.

మరో కారణాన్ని ఇక్కడ చెప్పి ముందుకు వెళ్తాను. పొలాల్లో ఎక్కువైన యూరియా, పట్టణాల మురుగు కాలువలు, నదులు దాటి సముద్రంలో కలిసినచోట నాచు విపరీతంగా పెరుగుతుంది. అది చచ్చి కుళ్లేటప్పుడు బ్యాక్టీరియా ఆక్సిజన్‌ను వాడుకొని కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది, ఆ నీటి ఆమ్లత్వం పెరుగుతుంది. తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల పరివాహక ప్రాంతంలో వ్యవసాయం చేసే మనందరికీ ఇందులో కొంత భాగం ఉంది, కానీ దీనికి వ్యవసాయ శాఖే సమాధానం చెప్పాలి కాబట్టి ఇక్కడ పొడిగించను.

నా మాటకు ఎదురు రాగల రెండు ప్రశ్నలను నేనే ఎత్తుకుంటాను. పెన్న మన సున్నపు నేలల మీదుగా పారి కరిగిన సున్నాన్ని సముద్రానికి మోసుకుపోతుంది కదా, ఆ సున్నం ఆమ్లత్వాన్ని విరిచేయదా అని కొందరు అడగవచ్చు. విరుస్తుంది, గతంలో సముద్రం తన సమతుల్యాన్ని నిలుపుకున్నది ఈ దారినే. కానీ రాళ్లు కరిగి, నదులు మోసి, సముద్రపు అడుగున పేరుకున్న సున్నం కరిగి ఆ లోటు తీరడానికి వేల సంవత్సరాలు పడుతుంది. మనం రెండు వందల ఏళ్లలో వదిలినదాన్ని ఆ వేగం అందుకోలేదు. రెండో ప్రశ్న: గట్టిపడిన కాంక్రీటు గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను తిరిగి పీల్చుకోదా? పీల్చుకుంటుంది, ఇది నిజం. రాయి నుంచి పోయినదానిలో చెప్పుకోదగ్గ భాగం కాలక్రమేణా గోడల్లోకి తిరిగి వస్తుంది. కాకపోతే దానికి దశాబ్దాలు కావాలి, ఇంధనం పొగకు దానితో సంబంధం లేదు. ఈ తగ్గింపును కూడా లెక్కలో చూపమనే నేను అడుగుతున్నాను.

కర్మాగారాలు మూతపడాలని నేను కోరడం లేదు. నా దగ్గర చదివిన వాళ్లలో చాలామంది వాటిలోనే పనిచేస్తున్నారు. లారీలు, గనులు, బండల పరిశ్రమ అన్నీ కలిసి ఈ ప్రాంతపు కుటుంబాలకు తిండి పెడుతున్నాయి. ఆ ఇళ్ల పిల్లలకు తమ తల్లిదండ్రులు పనిచేసే చోటు గురించి సరైన లెక్క తెలిసి ఉండాలనే ఇదంతా రాస్తున్నాను. పాణ్యం దగ్గర 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వచ్చింది. అటువంటివి బొగ్గు వాటాను తగ్గించగలవు. రాయి వాటాను మాత్రం ఏ సౌర ఫలకమూ తగ్గించలేదు. దాన్ని తగ్గించాలంటే క్లింకర్‌నే తగ్గించాలి. మన థర్మల్ కేంద్రం బూడిద సిమెంటులోకి పోతున్నది కాబట్టి ఆ పని ఇక్కడ కొంత జరుగుతూనే ఉంది. కాల్చిన మట్టి, ముడి సున్నపురాయి కలిపి క్లింకర్‌ను సగం దాకా తగ్గించే సిమెంటుకు 2023లో భారతీయ ప్రమాణాల సంస్థ ప్రమాణం కూడా ఇచ్చింది. ఏ ఫ్యాక్టరీ ఈ దారిలో ఎంత దూరం వెళ్లిందో తెలియాలంటే రాయి నుంచి వచ్చినదీ, ఇంధనం నుంచి వచ్చినదీ విడివిడిగా చెప్పే లెక్క ఉండాలి. రెండూ కలిపి ఒకే అంకె ఇస్తే ఆ తేడా అందులో కలిసిపోయి కనబడకుండా పోతుంది.

ఇది మీ పరిధిలోని పనేనా అన్న సందేహం రావచ్చు. 1981 నాటి వాయు కాలుష్య నివారణ చట్టం మనుషులకు మాత్రమే కాక ఇతర జీవులకు, మొక్కలకు, ఆస్తికి, పర్యావరణానికి హాని చేయగల మోతాదులో గాలిలో ఉన్న ఏ పదార్థాన్నైనా కాలుష్య కారకమనే అంటుంది. సముద్రంలోని ఆల్చిప్ప, పగడం కూడా ఆ ఇతర జీవుల్లోకే వస్తాయని నేను అనుకుంటున్నాను. కర్మాగారాల పొగగొట్టాలకు అమర్చిన నిరంతర పరిశీలన యంత్రాలు దుమ్ము, సల్ఫర్ డయాక్సైడ్, నత్రజని ఆక్సైడ్ల లెక్కలను ఇప్పటికే మీకు పంపుతున్నాయి. ఎంత రాయి బట్టీలో పడింది, ఎంత బొగ్గు కాలింది అన్నది ప్రతి యాజమాన్యం దగ్గరా రోజువారీగా రాసి ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ లెక్కకు కొత్త యంత్రం కూడా అక్కర్లేదు. 2023లో కేంద్రం కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకాన్ని ప్రకటించిన తర్వాత పెద్ద సిమెంటు సంస్థలు ఈ లెక్కలు ప్రభుత్వానికి ఇచ్చే ఏర్పాటు కూడా మొదలైంది. ఆ అంకె ఢిల్లీ దాకా పోతున్నప్పుడు, ఫ్యాక్టరీ గేటు ముందు ఆటో దిగే మనిషికి కూడా తెలియడంలో అభ్యంతరం ఏముంటుంది?

కాబట్టి మూడు జిల్లాల సిమెంటు బట్టీలు, థర్మల్ కేంద్రం గత ఏడాది వదిలిన కార్బన్ డయాక్సైడ్ పరిమాణాన్ని, రాయిది వేరుగా, ఇంధనానిది వేరుగా, గేటు దగ్గరి సమాచార ఫలకం మీద తెలుగులో రాయించండి. కార్యకలాపాల అనుమతి పునరుద్ధరించేటప్పుడు దాన్ని ఒక షరతుగా చేర్చండి. అన్నిటికంటే ముఖ్యంగా ప్రజాభిప్రాయ సేకరణ సభల్లో ఈ విషయం వినిపించేలా చేయండి. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం ఆ సభలను జరిపించేది మీరే, తెలుగులో సారాంశ నివేదికను ఊరికి అందించవలసిన ఏర్పాటూ మీదే. షామియానా కింద కూర్చున్న రైతులు పైర్ల మీద దుమ్ము గురించి, ఎండిపోయిన బోర్ల గురించి, పేలుళ్లకు బీటలు వారిన గోడల గురించి, పిల్లలకు ఉద్యోగాల గురించి అడుగుతారు, అవన్నీ అడగవలసినవే. ఈ కొత్త బట్టీ ఏటా ఎన్ని లక్షల టన్నుల వాయువు వదులుతుంది, అందులో ఎంత రాయి నుంచి వస్తుంది, సముద్రం మీద దాని ప్రభావం ఏమిటి అన్నవి ఆ సారాంశంలో రెండు పేరాలుగా ఉంటే, వాటి గురించి అడిగేవాళ్లు కూడా ఆ సభలోనే లేస్తారు. మా ప్రాంతంలో ఇకపై జరగబోయే విస్తరణ సభలకు ముందే ఈ రెండు పేరాలను తప్పనిసరి చేస్తూ జిల్లా కార్యాలయాలకు ఉత్తర్వు పంపించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. వాటిని తేలిక తెలుగులో రాయడానికి సాయం కావలసివస్తే, నేనూ నాతోపాటు పనిచేసిన సైన్సు ఉపాధ్యాయులూ ఏ ప్రతిఫలమూ లేకుండా సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
భవదీయుడు,
విశ్రాంత భౌతిక రసాయన శాస్త్ర ఉపాధ్యాయుడు,
జమ్మలమడుగు, కడప జిల్లా